హైడెల్‌బర్గా, మార్‌బర్గా, ట్యూబింగెనా? కొండ మీద కోట ఉన్న యూనివర్సిటీ ఊళ్లలో మీకు ఏది నప్పుతుంది

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు మే నెల వచ్చిందంటే చాలు, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు. మొదటి వారం ఇల్లు సర్దడంలో, ఆవకాయ జాడీలు విప్పడంలో గడిచిపోతుంది. రెండో వారం నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది: ఈ శనివారం ఎక్కడికి? ఎవరిని అడిగినా హైడెల్‌బర్గ్ అంటారు. నేనూ అదే చెప్పేవాణ్ణి. వచ్చినవాళ్లందర్నీ అక్కడికే తీసుకెళ్లి, ఆ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడీ నిలబడీ విసుగొచ్చాక, మిగతా ఊళ్ల సంగతి చూద్దామని బయల్దేరాను.

ముందే తేల్చి చెప్పేస్తాను. పెద్దవాళ్లతో మొదటిసారి అయితే హైడెల్‌బర్గ్. పిల్లలతో అయినా, హైడెల్‌బర్గ్ ఇప్పటికే చూసేసి ఉన్నా మార్‌బర్గ్. ఒక రాత్రి ఉండే వీలుంటే ట్యూబింగెన్. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసి టికెట్లు బుక్ చేసుకోవచ్చు. అయితే ఈ మాట వెనక నా అనుభవాలు కొన్ని, అత్తయ్యగారి మోకాళ్లు కొన్ని ఉన్నాయి. అవి కూడా వింటే మీ నిర్ణయం మారినా మారొచ్చు.

ఫోటోల్లో చూస్తే ఈ మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కింద నది, దాని పక్కన చెక్క దూలాల మధ్య సున్నం నింపి కట్టిన పాతకాలపు ఇళ్లు, వాటి పైన కొండ, కొండ మీద కోట. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నగరాలు ఎన్నో బాంబులకు నేలమట్టమైతే ఈ మూడూ పెద్దగా దెబ్బ తినకుండా బయటపడ్డాయి. యూనివర్సిటీలు కూడా తక్కువవి కావు: హైడెల్‌బర్గ్‌ది 1386లో మొదలైంది, ఇప్పటి జర్మనీలో అదే అన్నిటికన్నా పాతది. ట్యూబింగెన్‌ది 1477, మార్‌బర్గ్‌ది 1527. కాబట్టి ఏది పాతది, ఏది అందమైనది అని పోల్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తేలదు. నన్నడిగితే చూడాల్సింది ఒక్కటే: ఆ కొండ మీకెవరు ఎక్కిస్తారు?

హైడెల్‌బర్గ్‌లో రైలు ఎక్కిస్తుంది. పాత ఊళ్లో కోర్న్‌మార్క్ట్ దగ్గర బెర్గ్‌బాన్ అనే కొండ రైలు ఎక్కితే రెండు మూడు నిమిషాల్లో కోట దగ్గర దింపుతుంది. నడిచే ఓపిక ఉంటే 315 మెట్ల దారి కూడా ఉంది. కోట టికెట్లోనే ఈ రైలు రానూపోనూ ఛార్జీ కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కకపోతే మనకే నష్టం. ట్యూబింగెన్‌లో ఎక్కించేవాళ్లు ఎవరూ లేరు, మీ కాళ్లే దిక్కు. కాకపోతే అక్కడ కొండ చిన్నది. మార్కెట్ చౌక్ నుంచి రాళ్లు పరిచిన నిటారు వీధిలో పది నిమిషాలు మెల్లగా నడిస్తే కోట వాకిట్లో ఉంటారు.

మార్‌బర్గ్ దగ్గరే నేను మోసపోయాను. కింది వీధి నుంచి పైఊరికి లిఫ్ట్ ఉందని, అదీ ఫ్రీ అని ఎక్కడో చదివి, ఇంకేం, అత్తయ్యగారు హాయిగా వెళ్లిపోతారనుకున్నాను. లిఫ్ట్ నిజమే, ఫ్రీ అన్నదీ నిజమే. కానీ అది తీసుకెళ్లేది పైఊరి వరకే. అక్కడి నుంచి కోటకు ఇంకో కొండంత ఎక్కుడు మిగిలే ఉంటుంది, మెట్ల మీద మెట్లు. ఆవిడ మార్కెట్ చౌక్‌లో ఒక బెంచీ చూసుకుని కూర్చుని, "మీరు వెళ్లి చూసి రండి బాబూ, నేను ఇక్కడే ఆ కోడిని చూస్తూ ఉంటాను" అన్నారు. టౌన్‌హాల్ గడియారం పైన గంట గంటకూ రెక్కలాడించే బొమ్మ కోడిపుంజు ఒకటుంది లెండి. మేం తిరిగి వచ్చేలోపు ఆవిడ దాన్ని రెండుసార్లు చూశారు. కోట దాకా వెళ్లే చిన్న సిటీ బస్సు ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్‌ను నమ్ముకోకుండా ఆ బస్సు టైమింగ్ చూసుకోండి.

హైడెల్‌బర్గ్: పేరు, జనం, పీపా

ఇక్కడ ముందుగా చెప్పాల్సిన విషయం, అది పూర్తి కోట కాదు. సగానికి పైగా శిథిలమే. మా నాన్న పైకెక్కి ఆకాశం కనిపించే కిటికీల వైపు చూసి, "ఇంత ఖర్చు పెట్టి పాడుబడ్డ కోట చూపిస్తున్నావేంట్రా, గోల్కొండ ఏం తక్కువైంది?" అన్నాడు. ఆయన ఊరికే అన్న మాటే గానీ, లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నది 1687లో. సరిగ్గా రెండేళ్లకు, 1689లో, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం ఈ కోటకు నిప్పు పెట్టింది. మళ్లీ 1693లో వచ్చి మిగిలిన బురుజుల్ని మందుగుండు పెట్టి పేల్చింది. పేలిపోయిన బురుజు ఒకటి ఇప్పటికీ నిలువునా చీలి, సగం ముక్క పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఆ తర్వాత బాగు చేద్దామనుకునేలోపు 1764లో పిడుగు పడి మళ్లీ కాలిపోయింది. ఇక ఊరివాళ్లు తమ ఇళ్లు కట్టుకోవడానికి ఆ రాళ్లే మోసుకుపోవడం మొదలుపెట్టారు. చివరికి దాన్ని కాపాడమని పోరాడినవాడు ఎవరనుకున్నారు? షార్ల్ ద గ్రాంబెర్గ్ అనే ఒక ఫ్రెంచి కౌంటే. 19వ శతాబ్దం మొదట్లో ఇక్కడికొచ్చి స్థిరపడి, కోట బొమ్మలు గీసి, అచ్చు వేయించి, రాళ్లు తీసుకెళ్లే వాళ్లను ఆపడానికి తన జీవితమంతా ధారపోశాడు. ఈ కథ చెబితే మా నాన్న కాస్త మెత్తబడ్డాడు.

టికెట్‌తో చూసేవి మూడు: లోపలి ప్రాంగణం, పెద్ద పీపా, మందుల మ్యూజియం. పీపా అంటే వైన్ పీపా, 1751లో చేసినది, సుమారు 2 లక్షల 20 వేల లీటర్లు పడుతుంది. రైతులు పన్ను కింద తెచ్చిన వైన్ అంతా మంచిదీ చెడ్డదీ కలిపి అందులోనే పోసేవారట. పైన మెట్లెక్కి నిలబడటానికి చదునైన అరుగు కూడా ఉంది. ఎదురుగా పెర్కెయో అనే మరుగుజ్జు విదూషకుడి బొమ్మ కాపలా కాస్తూ ఉంటుంది. "ఇప్పుడు అందులో వైన్ ఉందా?" అని అడగని మనిషిని ఇంతవరకు చూడలేదు. లేదు, ఖాళీ పీపాయే. మందుల మ్యూజియం మాత్రం మా అమ్మకు బాగా నచ్చింది. పాతకాలపు మందుల షాపులు, కల్వాలు, జాడీలు, ఎండబెట్టిన వేర్లు చూసి మన ఆయుర్వేదం కొట్టులా ఉందంది. రాజుల గదులు చూడాలంటే గైడ్‌తోనే వెళ్లాలి, దానికి టికెట్ వేరు. మొదటిసారి వచ్చినవాళ్లకు అది లేకపోయినా లోటేమీ ఉండదు.

డబ్బు పెట్టకుండా చూడాలంటే కోట పక్కనున్న తోటకు టికెట్ అక్కర్లేదు. తోట చివర షెఫెల్ టెర్రస్ నుంచి కోట, నది, వంతెన అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నా లెక్కలో లోపలి కన్నా ఈ దృశ్యమే బాగుంటుంది. దీన్ని మించింది నదికి అవతలి ఒడ్డున ఉన్న ఫిలాసఫర్ల బాట. పాత వంతెన దాటి, పాము మెలికల దారి ఎక్కాలి. ఆ దారి కోట మెట్ల కన్నా కష్టం, ముసలివాళ్లతో వద్దు. కానీ సాయంత్రం ఎండ ఆ ఎర్రరాతి కోట మీద పడే వేళకు అక్కడ ఉండగలిగితే, కోట పైకి వెళ్లకపోయినా పర్వాలేదంటాను. నది ఒడ్డున ఒక చోట రోడ్డు పేరు చూస్తే కాసేపు ఆగిపోతారు: ఇక్బాల్ ఊఫర్. కవి ఇక్బాల్ 1907లో చదువు కోసం ఈ ఊళ్లో ఉన్నాడు. ఊఫర్ అంటే ఒడ్డు.

యూనివర్సిటీ ఊరు అని వచ్చినవాళ్లు తప్పక చూడాల్సింది విద్యార్థుల జైలు. తాగి అల్లరి చేసినా, రాత్రుళ్లు గోల చేసినా పోలీసులు కాదు, యూనివర్సిటీయే శిక్ష వేసి ఇక్కడ పెట్టేది. క్లాసులకు మాత్రం వెళ్లనిచ్చేవారు. 1914 వరకు ఇది నడిచింది. గోడలు, పైకప్పు అంతా వాళ్లు గీసిన నీడబొమ్మలు, పేర్లు, తేదీలు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నవాళ్లెవరైనా ఆ గదిలోకి వెళ్తే తమ పాత రూమ్ గుర్తుకు రాక మానదు.

హైడెల్‌బర్గ్‌తో ఇబ్బంది ఒక్కటే, జనం. ఎండాకాలం శనివారం మధ్యాహ్నం మెయిన్ వీధి హౌప్ట్‌ష్ట్రాసె సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవునా కిక్కిరిసి ఉంటుంది. పదకొండింటికి టూర్ బస్సులు దిగకముందే కోట చూసేయండి. మెయిన్ స్టేషన్ పాత ఊళ్లో లేదన్నది కూడా గుర్తుంచుకోండి. దిగి నడుస్తూ పోతే అరగంటకు పైగా ఆఫీసులు, మామూలు వీధులే కనిపించి ఇదేనా హైడెల్‌బర్గ్ అనిపిస్తుంది. బస్సో ట్రామో ఎక్కండి, లేదా లోకల్ రైల్లో ఆల్ట్‌ష్టాట్ స్టేషన్‌లో దిగండి. జూన్, జులై, సెప్టెంబర్లలో ఒక్కో శనివారం రాత్రి కోటను ఎర్రటి వెలుగులతో తగలబడుతున్నట్టు చూపించి, నది మీద బాణసంచా కాలుస్తారు. అద్భుతమే, కానీ చిన్నపిల్లలతో అయితే తిరుగు రైలు దొరుకుతుందా అన్న టెన్షన్ తప్పదు.

మార్‌బర్గ్: మెట్ల ఊరు

ఈ పేరు చెబితే చాలామందికి ముందు ప్రాణాంతకమైన మార్‌బర్గ్ వైరస్ గుర్తొస్తుంది. 1967లో ఇక్కడి ఒక ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు సోకి బయటపడింది కాబట్టి దానికి ఊరి పేరే అంటుకుంది. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, అందుకున్న ఎమిల్ ఫాన్ బేరింగ్ కూడా ఇక్కడి ప్రొఫెసరే. డిఫ్తీరియాకు విరుగుడు సీరమ్ కనిపెట్టినాయన. ఆయనకు లేని ప్రచారం వైరస్‌కు వచ్చింది.

స్టేషన్ నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఎలిజబెత్ చర్చి వస్తుంది. కోట కన్నా ముందు దీన్ని చూడండి, ఎందుకంటే ఈ ఊరి కథ ఇక్కడే మొదలైంది. హంగేరీ రాజకుమారి ఎలిజబెత్ ఇరవై ఏళ్లకే భర్తను పోగొట్టుకుంది. 1228లో ఇక్కడికొచ్చి ఆస్పత్రి కట్టించి, తనే రోగులకు సేవ చేసింది. 1231లో, 24 ఏళ్లకే చనిపోయింది. నాలుగేళ్లకు ఆమెను సెయింట్‌గా ప్రకటించారు, అదే ఏడు ఈ చర్చి మొదలుపెట్టారు. జర్మనీలో పూర్తి గోథిక్ పద్ధతిలో కట్టిన మొదటి చర్చిల్లో ఇదొకటి. తర్వాత 300 ఏళ్లకు ఆమె వంశంలోనే పుట్టిన ఫిలిప్ అనే పాలకుడు ప్రొటెస్టెంట్ మతంలోకి మారి, ఇక్కడే యూనివర్సిటీ పెట్టాడు. యాత్రికులు రాకుండా ఆమె అస్థికలను సమాధి నుంచి తీయించేశాడు కూడా.

కోటలో నాకు నచ్చింది, 1529 అక్టోబర్‌లో అక్కడ జరిగిన వాదం. ప్రొటెస్టెంట్లంతా ఒక్కటైతే బలం పెరుగుతుందని ఫిలిప్ ఆశపడి, జర్మనీలో ఆ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌ను, స్విట్జర్లాండ్‌లో దాన్ని నడిపిస్తున్న ట్స్వింగ్లీని పిలిపించాడు. 15 విషయాల్లో 14 మీద ఒప్పందం కుదిరింది. ప్రార్థనలో పంచే రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, కేవలం గుర్తా అన్న ఒక్కదాని మీద తెగిపోయింది. లూథర్ "ఇది నా శరీరము" అన్న వాక్యాన్ని సుద్దముక్కతో బల్ల మీద రాసుకుని దాని నుంచి జరగలేదట. ద్వైతం, అద్వైతం గొడవలు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. హైడెల్‌బర్గ్‌లా శిథిలం కాదు ఈ కోట, పైకప్పుతో నిలబడి ఉంది. రాజుగారి గోథిక్ హాలు చూడదగ్గది.

పిల్లలుంటే మాత్రం ఈ ఊరికే వెళ్లండి. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు ఇక్కడ లా చదివారు. వాళ్ల కథల్లోని బొమ్మలను కింది ఊరి నుంచి కోట దాకా దారి పొడవునా అక్కడక్కడ పెట్టారు. గోడ మీద వాలిన పెద్ద పెద్ద ఈగలు, కోట కింద సిండ్రెల్లా వదిలేసిన రాక్షస సైజు ఎర్ర చెప్పు. మా ఏడేళ్ల పాపను హైడెల్‌బర్గ్‌లో 315 మెట్లు ఎక్కించలేక ఎత్తుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మాత్రం తర్వాతి బొమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ మాకన్నా ముందే పైకి పరుగెత్తింది. గ్రిమ్‌లలో పెద్దాయన, ఈ ఊళ్లో ఇళ్లలో కన్నా వీధుల్లోనే మెట్లు ఎక్కువని, ఒక ఇంట్లోకైతే పైకప్పు నుంచే వెళ్లాలని రాశాడు. అతిశయోక్తి అనుకుంటారు, నడిచాక తెలుస్తుంది. స్ట్రోలర్ తేవద్దు.

ట్యూబింగెన్: తొందర లేనివాళ్లకు

స్టట్‌గార్ట్ వైపు ఉండేవాళ్లకు ఇది గంటలోపు ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండున్నర గంటలు పడుతుంది, ఒకసారైనా రైలు మారాలి. ఒక్క రోజులో వెళ్లి రావొచ్చు గానీ దండగ. సుమారు 90 వేల జనాభాలో పాతిక వేలకు పైగా విద్యార్థులే ఉన్న ఊరిది, అందుకే దాని అందమంతా సాయంత్రం బయటపడుతుంది. నది వంతెన పక్క గోడ మీద వరసగా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న కుర్రకారు, ఎదురుగా నీళ్లలో నీడలు పడే రంగురంగుల ఇళ్లు.

ఆ ఇళ్ల వరసలో పసుపు రంగు బురుజు ఒకటి ఉంటుంది. కవి హోల్డర్లిన్‌కు మతి చెడింది, ఇక బాగుపడదని డాక్టర్లు తేల్చాక, 1807లో ఒక వడ్రంగి ఆయన్ను తన ఇంటికి తీసుకొచ్చాడు. ఎక్కువ కాలం బతకడన్నారు. ఆయన ఆ గదిలో 36 ఏళ్లు బతికాడు. వడ్రంగి చనిపోయాక అతని కూతురు చూసుకుంది. కన్నవాళ్లు కాదు, బంధువులు కాదు. నేను చూసిన ఈ మూడు ఊళ్లలో నా మనసులో నిలిచిపోయింది ఏదంటే కోటలు కావు, ఆ చిన్న గది.

కోట బయటికి సాదాసీదాగా ఉంటుంది, ప్రాంగణంలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. లోపల యూనివర్సిటీ మ్యూజియం ఉంది. అందులో మామత్ ఏనుగు దంతంతో చెక్కిన చిన్న గుర్రం బొమ్మ, సుమారు 40 వేల ఏళ్ల నాటిది, పొడవు 5 సెంటీమీటర్లు కూడా ఉండదు. మెడ వంపు చూస్తే నిన్న చెక్కినట్టుంటుంది. ఇదే కోట వంటగదిని 19వ శతాబ్దంలో ల్యాబ్‌గా మార్చారు. 1869లో ఫ్రిడ్రిక్ మీషర్ అనే కుర్రాడు ఆస్పత్రి నుంచి చీము కట్లు తెప్పించుకుని, అందులోని కణాల నుంచి ఒక కొత్త పదార్థం వేరు చేశాడు. దాన్నే ఇప్పుడు డీఎన్‌ఏ అంటున్నాం. వంటగదిలో చీము గురించి పిల్లలకు చెబితే ఎంత అసహ్యించుకుంటారో అంత ఆసక్తిగా వింటారు.

మే నుంచి సెప్టెంబర్ వరకు నదిలో పొడవాటి కర్రతో తోసే పడవలు తిరుగుతాయి. బెంచీలకు ఆనుకుని కూర్చోవచ్చు, తోసేవాళ్లు ఎక్కువగా విద్యార్థులే. పెద్దవాళ్లకు ఇది హాయి. ఇక్కడి అసలు తిండి మౌల్‌టాషెన్, చూడటానికి కజ్జికాయలా ఉంటుంది గానీ లోపల సాధారణంగా మాంసమే. శాకాహారులు అడిగి మరీ తినండి, లేదంటే, గుడ్డు తినేవాళ్లయితే, చీజ్ వేసిన ష్పెట్స్‌లె (గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్) చెప్పండి. పక్కన ఊరగాయ పెట్టుకుంటే ఇబ్బంది లేదు, నేను సాక్షి.

టికెట్లు, రోజులు

డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులకు చెల్లే నెలవారీ పాస్) ఉన్నవాళ్లకు మూడు ఊళ్లూ అందులోనే వస్తాయి, ఐసీఈ లాంటి స్పీడు రైళ్లు ఎక్కనంతవరకు. అమ్మానాన్నలకు అది ఉండదు కదా. నలుగురైదుగురు మార్‌బర్గ్ వెళ్తుంటే హెస్సెన్ రాష్ట్రమంతా చెల్లే హెస్సెన్ టికెట్ తీసుకోండి, ఒక్క టికెట్ మీద ఐదుగురు రోజంతా తిరగొచ్చు. పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. హైడెల్‌బర్గ్ వేరే రాష్ట్రంలో ఉంది, ఆ టికెట్‌తో లెక్క వేసుకోకండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైడెల్‌బర్గ్, మార్‌బర్గ్ రెండూ గంట, కాస్త అటూ ఇటూ. ఒకటి దక్షిణానికి, ఒకటి ఉత్తరానికి.

సోమవారం ఖాళీ దొరికితే హైడెల్‌బర్గ్‌కే వెళ్లండి, మిగతా రెండు చోట్లా కోట మ్యూజియంలు ఆ రోజు మూసి ఉంటాయి. ఆదివారం షాపులు చాలావరకు తీయరు. బంధువులకు గిఫ్టులు కొనాలనుకునే అమ్మలకు ఈ సంగతి ముందే చెప్పండి.

వుర్ట్స్‌బుర్గ్ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో. అక్కడా కొండ మీద కోట ఉంది, రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టిన యూనివర్సిటీ ఉంది. కానీ 1945 మార్చి 16 రాత్రి బాంబు దాడిలో పాత ఊరు దాదాపు పూర్తిగా కాలిపోయింది, ఇప్పుడు చూసేది చాలావరకు తిరిగి కట్టినది. మంచి ఊరే, కానీ పాతకాలపు సందుల్లో తిరగాలని వచ్చినవాళ్లకు మొదటి ఎంపిక కాదు.

రెండు రోజులు చేతిలో ఉంటే నేను చేసేది ఇది: శనివారం తెల్లారే హైడెల్‌బర్గ్ చేరి మధ్యాహ్నానికల్లా కోట, జైలు ముగించి, జనం పెరిగేసరికి రైలెక్కి సాయంత్రానికి ట్యూబింగెన్ చేరడం. రెండూ నెకార్ నది ఒడ్డునే ఉన్నాయి. మార్‌బర్గ్‌ను దీంతో కలపకండి. దానికి విడిగా ఒక రోజు, పట్టు ఉన్న బూట్లు, పిల్లల్ని కాసేపు ఎత్తుకోగల మనిషి ఒకరు కావాలి. కిందటి నెల నాన్న ఫోన్ చేసి వచ్చే ఏడు ప్రయాణం గురించి మాట్లాడుతూ, "ఆ ఖాళీ పీపా ఊరు చూశాం కదా, ఈసారి పడవ ఊరికి వెళ్దాం" అన్నాడు. జూన్‌కు గది ఇప్పుడే వెతకడం మొదలుపెట్టాను.